ఆర్వీలో నీళ్ళ పైపు లీకైతే: ఏ పైపు, ఏ ఫిట్టింగ్ కొనాలి, ఎలా బిగించాలి

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను వణికించిన మంచు తుపాను డాలస్ తెలుగువాళ్ళకు బాగానే గుర్తుంటుంది. ఆ నెల 16న డాలస్–ఫోర్ట్‌వర్త్‌లో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఇంట్లో పైపు పగిలితే ఆ రోజే తెలుస్తుంది. నీళ్ళు తీసేయకుండా స్టోరేజ్ యార్డులో వదిలేసిన ఆర్వీ (సింకు, టాయిలెట్ ఉండే ఇల్లులాంటి బండి) సంగతి అలా కాదు. మళ్ళీ ట్యాంకు నింపి పంపు వేసిన రోజున, సింకు కింద నుంచో టాయిలెట్ వెనక నుంచో నీళ్ళు కారుతుంటే అప్పుడు తెలుస్తుంది. ఆ రోజు సాధారణంగా లాంగ్ వీకెండ్‌కి ముందు శుక్రవారం సాయంత్రం అయ్యుంటుంది.

ఈ పని మెకానిక్ కోసం వారాల తరబడి ఎదురుచూడాల్సినంత పెద్దదేం కాదు. ఆర్వీలో మంచినీళ్ళ పైపులు చాలావరకు ఒకే రకం, ఒకే సైజు. ఇబ్బందంతా దుకాణంలో మొదలవుతుంది. ఒకే అర అంగుళం పైపుకి గోడ నిండా పది రకాల ఫిట్టింగులు వేలాడుతుంటాయి. ఏది తీసుకోవాలి? నా లెక్క ఒక్కటే. లీకైన చోటికి మీ చేయి ఎలా వెళ్తుందో, అక్కడ ఏ పనిముట్టు తిరుగుతుందో ముందు చూడాలి. ఫిట్టింగ్ ఏదన్నది దాన్నిబట్టే తేలుతుంది. ధర, బ్రాండు ఆ తర్వాత.

ఇది సొంత ఆర్వీ ఉన్నవాళ్ళ కోసం రాసింది. అద్దెకు తీసుకున్నదైతే పైపు కోయకముందే యజమానికి ఫోన్ చేయండి. లేకపోతే డిపాజిట్ దగ్గర గొడవవుతుంది.

ముందు నీళ్ళు, వేడి రెండూ ఆపండి

పంపు స్విచ్ ఆపండి. బయటి నుంచి హోస్ పెట్టి ఉంటే కొళాయి కట్టేసి హోస్ ఊడదీయండి. వాటర్ హీటర్ గ్యాస్ మీద నడిచినా, కరెంటు మీద నడిచినా రెండూ ఆఫ్ చేయండి. ట్యాంకులో నీళ్ళు లేకుండా కరెంటు ఎలిమెంట్ ఆన్‌లో ఉండిపోతే చూస్తుండగానే కాలిపోతుంది. ఐదు డాలర్ల ఫిట్టింగ్ రిపేరు కాస్తా హీటర్ రిపేరు అవుతుంది.

తర్వాత సింకులో వేడినీళ్ళ, చన్నీళ్ళ కొళాయిలు రెండూ తెరవండి. బండి కింద ఎరుపు, నీలం రంగుల్లో రెండు చిన్న పైపులు వేలాడుతూ కనిపిస్తాయి. లోపలి లైన్లలోని నీళ్ళు వదిలేసే డ్రెయిన్లు అవి. వాటి మూతలు తీస్తే లైన్లు ఖాళీ అవుతాయి. అంతకుముందే హీటర్ నడిచి ఉంటే నీళ్ళు చల్లారనివ్వండి. ఆ ట్యాంకులో నీళ్ళు 140 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటాయి. చేతి మీద పడితే బొబ్బలు ఖాయం.

పైపు మీద రాసింది చదవండి

టార్చ్ వేసి పైపు మీద చిన్న అక్షరాలు చదవండి. మామూలుగా పెక్స్ అనీ, సైజు 1/2 అనీ, సీటీఎస్ (రాగి పైపుల కొలత), ఎస్‌డీఆర్-9 (గోడ మందం) అనీ, ఏఎస్‌టీఎం ఎఫ్876 (తయారీ ప్రమాణం) అనీ ఉంటుంది. పెక్స్ అంటే గట్టిపరిచిన పాలిథిలిన్. వంగుతుంది, తుప్పు పట్టదు, తేలిక. కుదుపుల్లో పగలదు కాబట్టే ఇండియానాలోని ఎల్‌ఖార్ట్ చుట్టుపక్కల తయారయ్యే ఆర్వీల్లో ఇదే వాడతారు. దాని మీద 73 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 160 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి), 180 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ అని రేటింగ్ కూడా ముద్రించి ఉంటుంది. ఆర్వీ పంపు ఇచ్చేది మామూలుగా 45 నుంచి 55 పీఎస్ఐ. కాబట్టి పైపు బలం గురించి టెన్షన్ అక్కర్లేదు.

అర అంగుళం పెక్స్‌ని టేపు పెట్టి కొలిస్తే బయటి వ్యాసం 5/8 అంగుళం వస్తుంది. సైజు తప్పేమోనని కంగారుపడి 5/8 ఫిట్టింగ్ కొనకండి. రాగి పైపుల కొలతల పద్ధతిలో అర అంగుళం అన్న పేరు అలాగే వచ్చింది. ఎరుపు, నీలం, తెలుపు రంగుల మధ్య పనితీరులో తేడా ఏమీ లేదు. వేడి లైను ఏదో, చల్లటి లైను ఏదో గుర్తుపట్టడానికే ఆ రంగులు. దుకాణంలో తెల్లది మాత్రమే ఉంటే అదే వేసేయండి, ఎవరూ ఏమీ అనరు. పెక్స్-ఏ, బీ, సీ అని మూడు తయారీ పద్ధతులున్నాయి. ఈ వ్యాసంలో చెప్పబోయే ఫిట్టింగులు మూడింటికీ పనిచేస్తాయి. పైపును సాగదీసి బిగించే ఎక్స్‌పాన్షన్ పద్ధతికి ప్రధానంగా పెక్స్-ఏ రకమే కావాలి, దాని పనిముట్టు కూడా ఖరీదు. ఆర్వీ రిపేరుకి ఆ జోలికి వెళ్ళొద్దు.

పైపు బూడిద రంగులో ఉండి, బండి 1995 కన్నా ముందుదైతే కాస్త ఆగండి. అది పాలీబ్యూటిలిన్ కావచ్చు. 1978 నుంచి 1995 దాకా అమెరికాలో ఇళ్ళకీ ఆర్వీలకీ విరివిగా వేశారు. నీళ్ళలోని క్లోరిన్‌కి పైపు, ఫిట్టింగులు లోపల్నుంచి పెళుసుబారతాయి. దీని మీద వేలాది కేసులు పడి, 1995లో 95 కోట్ల డాలర్ల క్లాస్ యాక్షన్ (బాధితులందరి తరఫునా కలిపి వేసిన దావా) సెటిల్‌మెంట్ దాకా వెళ్ళింది. బయటి సైజు పెక్స్‌తో సమానమే, లోపలి సైజు మాత్రం వేరు. అందుకే మామూలు పెక్స్ ఫిట్టింగ్‌ని అందులో దూర్చి రింగు బిగిస్తే నమ్మకం ఉండదు. దానికోసమే చేసిన ట్రాన్సిషన్ కప్లింగ్ (రెండు రకాల పైపుల్ని కలిపే ముక్క) అడిగి తీసుకోండి. పాత బండి చవగ్గా వస్తోందని కొనేవాళ్ళు ముందుగా సింకు కింద చూడాల్సింది ఈ బూడిద రంగు కోసమే. ఒకచోట లీకైందంటే మిగతా చోట్లా వయసు అంతే. అతుకులేసే బదులు లైన్లన్నీ పెక్స్‌కి మార్చడం మంచిదని నా అభిప్రాయం.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లు కట్టించిన అనుభవం ఉన్నవాళ్ళకి వెంటనే సీపీవీసీ, సొల్యూషన్ డబ్బా గుర్తొస్తాయి. ఇక్కడ హోమ్ డిపోలో అవీ దొరుకుతాయి, చవక కూడా. కానీ కదలకుండా గోడలో ఉండే పైపుకి పనికొచ్చే ఆ అతుకు, గంటకి 65 మైళ్ళ వేగంతో గతుకుల్లో ఊగే బండిలో ఎన్నాళ్ళో నిలవదు. రాగి పైపైతే చెక్క గోడల మధ్య మంట పెట్టి సోల్డర్ చేయాలి, పక్కనే ప్రొపేన్ లైను కూడా ఉంటుంది. రెండూ వద్దు.

లీకు పైపులోనా, ఫిట్టింగులోనా

చలికి గడ్డకట్టినప్పుడు పెక్స్ పైపు కొంత సాగి తట్టుకుంటుంది. పగిలేది ఎక్కువగా ప్లాస్టిక్ ఎల్బోలు (మూల తిప్పే ముక్కలు), టీలు (మూడు పైపుల్ని కలిపేవి), కొళాయి లోపలి భాగాలు, పంపు ముందుండే ఫిల్టర్ గిన్నె. అందుకే తడి కనిపించిన చోటే పగులుందని అనుకోకండి. నీళ్ళు పైపు వెంట జారి నాలుగడుగుల అవతల నేల మీద చేరతాయి. పొడిగా తుడిచి, పంపు ఒక్క క్షణం వేసి, అనుమానం ఉన్న ప్రతి జాయింటుకీ టిష్యూ పేపర్ చుట్టి చూడండి. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది.

పైపుకే చిల్లుంటే రెండు కారణాలు ఎక్కువ. ఒకటి ఎలుక కొరకడం. రెండోది రేకు అంచుకో స్క్రూ మొనకో రాసుకుని అరిగిపోవడం. రెండో దానికి పైపు మార్చడంతో సరిపోదు. రాసుకునే చోట రబ్బరు గ్రోమెట్టో, పైపు చుట్టూ ఫోమ్ గొట్టమో వేయకపోతే కొత్త పైపు కూడా అదే దారి పడుతుంది.

ఫిట్టింగ్ ఎంపిక

దుకాణంలో మీకు కావాల్సినవి నాలుగు కుటుంబాలు. క్రింప్, క్లాంప్, పుష్-ఫిట్, నట్టు బిగించేవి.

క్రింప్ అంటే రాగి రింగు. ఫిట్టింగ్‌కి గాట్లున్న ముక్కు ఉంటుంది. దాని మీదికి పైపు ఎక్కించి, పైన రింగు పెట్టి, పెద్ద పట్కారులాంటి పనిముట్టుతో చుట్టూ నొక్కుతారు. ఫ్యాక్టరీల్లో పనివాళ్ళు గోడలు బిగించకముందే చేసేస్తారు కాబట్టి వాళ్ళకి సులువు. మీరు మాత్రం సింకు కింద వెల్లకిలా పడుకుని, ఆ పొడుగు పిడుల్ని రెండు చేతులతో పూర్తిగా మూయాలి. చాలా అల్మారాల్లో పిడులు విప్పుకునే చోటే ఉండదు. రింగు సరిగా నొక్కుకుందో లేదో చూడటానికి గో, నో-గో గేజ్ అని చిన్న రేకు కూడా కావాలి. జాయింటు బలంగా, చవగ్గా, చిన్నగా ఉంటుంది. బోలెడు జాయింట్లు కొత్తగా వేసేవాళ్ళకి ఇదే మంచిది.

క్లాంప్ రింగు స్టెయిన్‌లెస్ స్టీలుది, ఒక పక్క చిన్న చెవి ఉంటుంది. పనిముట్టు ఆ చెవినొక్కదాన్నే పట్టి నొక్కుతుంది. చెవిని మీకు అనుకూలమైన వైపుకి తిప్పుకోవచ్చు, చుట్టూ ఖాళీ అక్కర్లేదు. పనిముట్టు మూసుకోవాల్సినంతా మూసుకునేదాకా విడవదు కాబట్టి సగం నొక్కి వదిలేసే ప్రమాదం తక్కువ. 3/8 నుంచి 1 అంగుళం దాకా రింగులన్నింటికీ ఒకటే పనిముట్టు చాలు. ముక్కున్న ఇత్తడి, ప్లాస్టిక్ ఫిట్టింగులు క్రింప్‌కి వాడేవే ఇక్కడా వాడతారు. ఇత్తడివి ఎఫ్1807, ప్లాస్టిక్‌వి ఎఫ్2159 ప్రమాణం కిందకి వస్తాయి. సొంత ఆర్వీ ఉంచుకుని ఏడాదికో రెండేళ్ళకో ఏదో ఒకటి బాగుచేసుకునేవాళ్ళు కొనాల్సిన పనిముట్టు ఇదే అంటాను.

పుష్-ఫిట్ అంటే అసలు పనిముట్టే లేకుండా నెట్టి బిగించేది. షార్క్‌బైట్ అన్న బ్రాండు పేరే ఈ రకానికి పేరైపోయింది. లోపల స్టీలు పళ్ళు పైపుని పట్టుకుంటాయి, రబ్బరు ఓ-రింగు నీళ్ళని ఆపుతుంది. ఒక చెయ్యి మాత్రమే దూరే చోట దీన్ని మించింది లేదు. ధర మాత్రం క్రింప్ ఫిట్టింగ్‌కి కొన్ని రెట్లు ఉంటుంది, సైజు కూడా లావు. బిగించాక కూడా పైపు మీద గిర్రున తిరుగుతుంది. అది లోపం కాదు, కానీ పైపు పక్కకి లాగుతూ ఉంటే ఓ-రింగు మీద భారం పడుతుంది. అందుకే దీనికి రెండు పక్కలా పైపుని గోడకి క్లిప్పులతో కట్టేయాలి. ‘ఇది తాత్కాలికానికే’ అని కొందరు తీసిపారేస్తారు. నేను అలా అనను. పైపు సూటిగా, కదలకుండా ఉంటే హాయిగా ఉంచేయొచ్చు. మామూలు షార్క్‌బైట్‌ని బూడిద రంగు పాలీబ్యూటిలిన్‌కి వాడకూడదు, దానికి బూడిద కాలరున్నది వేరే ఉంటుంది.

నట్టు బిగించే రకంలో ఆర్వీవాళ్ళకి తెలిసినది ఫ్లెయిర్-ఇట్. పైపుకి ముందు నట్టు ఎక్కించి, పైపుని ముక్కు మీద భుజం (పైపు ఆగే అంచు) దాకా నెట్టి, నట్టు బిగించాలి. పెక్స్‌కీ, పాత పాలీబ్యూటిలిన్‌కీ రెంటికీ సరిపోవడం దీని గొప్ప. పాత బండ్లవాళ్ళ సంచిలో ఇవి రెండుండాలి. కాకపోతే ఇరుకు చోట పైపుని ముక్కు మీదికి చివరిదాకా నెట్టడానికి చేతిలో బలం కావాలి. సగంలో ఆగిపోయి నట్టు బిగించేస్తే ఈరోజు కారదు, రెండో కొండ ఎక్కేటప్పుడు ఊడుతుంది.

ఒక్క మాటలో అడిగితే: రెండు చేతులూ పట్టి కళ్ళకి కనిపించే చోట క్లాంప్, ఒక చేయే దూరే చోట పుష్-ఫిట్, పాత బూడిద పైపైతే ఫ్లెయిర్-ఇట్ లేదా ట్రాన్సిషన్ కప్లింగ్.

పగిలిన ఎల్బో మార్చడం: మొదటి నుంచి చివరిదాకా

టాయిలెట్ వెనక ప్లాస్టిక్ ఎల్బో పగిలిందనుకుందాం. అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే కేసు ఇదే.

మొదట కొలత. పాత ఎల్బోకి రెండు పక్కలా రింగులుంటాయి. వాటి అవతల, మంచి పైపు దగ్గర కోయాలి. అలా కోస్తే ప్రతి పక్కా దాదాపు అంగుళం పొట్టి అవుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు పైపుని సాగదీసినంత టైటుగా వేస్తారు, వదులు ఏమీ మిగల్చరు. కోసేశాక కొత్త ఎల్బో అందకపోతే చిన్న పైపు ముక్క, ఇంకో కప్లింగ్ కావాలి. అందుకే కత్తెర పెట్టకముందే కొత్త ఫిట్టింగ్‌ని పాతదాని పక్కన పట్టుకుని చూడండి. పైపుని కాస్త ఇటు లాగితే వస్తుందా, గోడ క్లిప్పు ఒకటి ఊడదీస్తే వదులవుతుందా అన్నది అప్పుడే తేలాలి.

వదులు బొత్తిగా లేకపోతే పుష్-ఫిట్‌లో స్లిప్ కప్లింగ్ అని పొడుగాటిది దొరుకుతుంది. ఒక పైపు మీద పూర్తిగా వెనక్కి జరిపి, రెండో పైపుకి ఎదురుగా తెచ్చి ముందుకి లాగుతారు. మధ్యలో రెండంగుళాల దాకా ఖాళీ ఉన్నా కలుపుతుంది. ఇరుకు ఆర్వీలో ఇది బంగారం.

కోయడానికి పెక్స్ కట్టరే వాడండి. కిచెన్ కత్తితోనో హ్యాక్సా బ్లేడుతోనో కోస్తే అంచు ఏటవాలుగా, పీచుపీచుగా వస్తుంది. కోత సూటిగా తొంభై డిగ్రీల్లో ఉండాలి.

ఇక్కడ రెండు రకాలకీ ఒక తేడా ఉంది. క్లాంప్ ఫిట్టింగ్ పైపు లోపలి గోడకి అతుక్కుని నీళ్ళని ఆపుతుంది. పుష్-ఫిట్ పైపు బయటి గోడ మీద ఆపుతుంది. కాబట్టి క్లాంప్ వేసేటప్పుడు ముక్కు మీద కొత్తగా గీత పడకూడదు, పైపు లోపలి అంచు శుభ్రంగా ఉండాలి. పుష్-ఫిట్ వేసేటప్పుడు పైపు బయట చివరి అంగుళంలో గీతలుండకూడదు. పాత రింగు వేసిన చోట పైపు మీద ముద్ర పడి ఉంటుంది. ఆ ముద్ర మీదికి ఓ-రింగు వస్తే పళ్ళు పట్టుకున్నా నీళ్ళు చెమ్మగిల్లుతూనే ఉంటాయి. అలాంటి చోట ముద్రకి అవతల కోయక తప్పదు. గోటితో పైపు చుట్టూ గీరి చూడండి. గోరు తగులుకుంటే ఓ-రింగుకీ తగులుతుంది.

క్లాంప్ అయితే: ముందు రెండు రింగులూ పైపుల మీదికి ఎక్కించండి. ఎల్బో ముక్కు మీదికి పైపుని భుజం దాకా నెట్టండి. రింగుని పైపు అంచు నుంచి 1/8 నుంచి 1/4 అంగుళం వెనకగా ఉంచండి. చెవిని పనిముట్టు పట్టే వైపుకి తిప్పి, అది దానంతటదే విడిచేదాకా నొక్కండి. ఒకసారి నొక్కిన రింగుని రెండోసారి నొక్కొద్దు. వంకరగా పడిందంటే కోసి తీసేసి కొత్తది వేయాలి.

పుష్-ఫిట్ అయితే: ప్యాకెట్ మీద రాసిన లోతు చూసి పైపు మీద మార్కర్‌తో గీత పెట్టండి. మామూలు షార్క్‌బైట్‌లో అర అంగుళానికి అది సుమారు అంగుళం. ఫిట్టింగ్ లోపల ప్లాస్టిక్ గొట్టంలాంటిది కనిపిస్తుంది. అది పెక్స్‌కి ఊతం, పీకేయొద్దు. కొన్ని ప్లాస్టిక్ పుష్-ఫిట్ బ్రాండ్లలో ఆ ఊతం విడిగా కొని పైపులో పెట్టాలి, కొనేటప్పుడే అడగండి. పైపుని కొద్దిగా తిప్పుతూ గీత దాకా నెట్టి, వెనక్కి లాగి చూడండి. జారడానికి వాజెలిన్, నూనె వాడొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. నీళ్ళతో తడిపితే చాలు.

మూలలో పైపునే వంచేసి ఎల్బో మానేద్దామనుకుంటే, అర అంగుళం పెక్స్ వంపుకి కనీసం 5 అంగుళాల వ్యాసార్థం ఉండాలి. అంతకన్నా బిగువుగా వంచితే మడత పడుతుంది. మడతపడిన ముక్క మళ్ళీ వాడకండి.

మరలున్న చోట్ల తప్పులు ఎక్కువ

కొళాయి, టాయిలెట్, పంపు, హీటర్ దగ్గర పైపు మరలతో కలుస్తుంది. ఇక్కడ లీకులకి సగం కారణం టేపే. అవసరం లేని చోట చుట్టడం, ఉన్న చోట మానేయడం.

కొళాయికీ టాయిలెట్‌కీ వచ్చే అర అంగుళం స్వివెల్ నట్టులో కోన్ ఆకారంలో వాషరుంటుంది. నీళ్ళని ఆపేది ఆ వాషరు, మరలు కాదు. దీనికి తెల్ల టేపు చుట్టొద్దు. చుడితే నట్టు పూర్తిగా లోపలికి పోక వాషరు కూర్చోదు. చేత్తో బిగించి, ఆపైన పావు మలుపు చాలు. పానా పట్టుకుని బలం చూపిస్తే ప్లాస్టిక్ నట్టు వెంట్రుకవాసి పగులిచ్చి, ఆ రాత్రి కార్పెట్ తడుస్తుంది. పాత నట్టు కారుతుంటే కొత్త నట్టు కొనకముందు వాషరు ఒక్కటి మార్చి చూడండి. కొన్ని సెంట్ల పని.

వాటర్ హీటర్ వెనక మాత్రం అర అంగుళం ఎన్‌పీటీ మరలుంటాయి. అవి లోపలికి పోయేకొద్దీ సన్నబడే మరలు. ఇక్కడ టేపు తప్పనిసరి, మర తిరిగే దిశలోనే చుట్టాలి. వేడి ఎక్కువ కాబట్టి ఇక్కడ ప్లాస్టిక్ కన్నా సీసం లేని ఇత్తడి ఫిట్టింగ్ వేయడం మంచిది. వేడినీళ్ళ వైపు చెక్ వాల్వ్ (నీళ్ళు వెనక్కి పోకుండా ఆపేది) ఉంటే, బాణం గుర్తు ట్యాంకు నుంచి బయటికి చూపించేలా పెట్టండి.

పంపు మూతులకి సమాంతర మరలుంటాయి. వాటికి కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ స్వివెల్ ఫిట్టింగే వేసి చేత్తో బిగించాలి, టేపు వద్దు. గట్టి పెక్స్‌ని సూటిగా పంపుకి కలపకుండా, రెండు వైపులా అడుగు, అడుగున్నర వంగే హోస్ ఉండాలి. లేకపోతే పంపు దడ మొత్తం పైపుల్లోకి పాకి రాత్రంతా గోడలు డ్రమ్ములు వాయిస్తాయి. కొన్నాళ్ళకి ఫిట్టింగులూ వదులవుతాయి.

ఇక మనవాళ్ళకి మాత్రమే వచ్చే సమస్య ఒకటుంది. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చిన హెల్త్ ఫాసెట్. ఇంట్లో అలవాటైంది ట్రిప్‌లో కూడా ఉండాలంటారు, న్యాయమే. అయితే ఇండియాలో మరలు బీఎస్‌పీ పద్ధతివి, అమెరికావి ఎన్‌పీటీ. అర అంగుళంలో రెంటికీ అంగుళానికి 14 మరలే. అందుకే మొదటి రెండు మలుపులు సాఫీగా ఎక్కుతుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. కానీ మర పళ్ళ కోణం ఒకదానికి 55 డిగ్రీలు, రెండోదానికి 60. బలవంతంగా బిగిస్తే టాయిలెట్ వాల్వ్ ప్లాస్టిక్ మరలు చెడతాయి, అప్పుడు వాల్వే మార్చాలి. దాని బదులు టాయిలెట్‌కి వెళ్ళే పెక్స్ పైపుని మధ్యలో కోసి, పుష్-ఫిట్ టీ వేసి, దానికో షట్-ఆఫ్ వాల్వ్ పెట్టి, అమెరికాలో కొన్న స్ప్రేయర్‌ని కలపండి. వాడిన ప్రతిసారీ ఆ వాల్వ్ కట్టేయడం అందరికీ అలవాటు చేయాలి. స్ప్రేయర్ హోసులు రోజంతా ప్రెషర్ మీద ఉండటానికి చేసినవి కావు, బండి ఊగుతుంటే మరీను. ఇక్కడ టాయిలెట్ కంపెనీలే హ్యాండ్ స్ప్రే ఉన్న మోడళ్ళు అమ్ముతాయి. టాయిలెట్ ఎలాగూ మార్చబోతుంటే అదే తీసుకోండి, వెనక్కి నీళ్ళు లాగకుండా ఆపే వాక్యూమ్ బ్రేకర్ కూడా దాంతోపాటే వస్తుంది.

మురుగు వైపు

సింకు, షవర్ కింద కనిపించే నల్ల పైపు ఏబీఎస్, ఒకటిన్నర అంగుళం. టాయిలెట్ ట్యాంకుది 3 అంగుళాలు. ప్రెషర్ ఉండదు కాబట్టి పని సులువు. ఏబీఎస్‌కి ఏబీఎస్ సిమెంటే వాడాలి, ఊదారంగు ప్రైమర్ అక్కర్లేదు. తెల్ల పీవీసీని నల్ల ఏబీఎస్‌కి కలపాల్సి వస్తే ట్రాన్సిషన్ సిమెంట్ వేరే ఉంటుంది. సింకు కింద యూ ఆకారం ట్రాప్ నట్లు ప్రయాణంలో వదులవుతాయి. మొదట చేత్తో బిగించి చూడండి, చాలా లీకులు అక్కడికే తీరిపోతాయి. చలి ప్రాంతాల్లో ఉండేవాళ్ళు ట్రాప్ బదులు హెప్వో వాల్వ్ పెట్టుకోవచ్చు. లోపల నీళ్ళు నిలవవు కనుక గడ్డకట్టేదీ ఉండదు, వాసన కూడా రానివ్వదు.

బండిలో ఉంచుకోవాల్సిన సంచి

మారుమూల క్యాంప్‌గ్రౌండ్‌లో, ఆదివారం పూట, దగ్గర్లో ఉన్న చిన్న హార్డ్‌వేర్ దుకాణంలో మీ బండికి సరిపోయే ప్రత్యేక ఫిట్టింగ్ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. అర అంగుళం పెక్స్ మాత్రం దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. అది కూడా చుట్టలుగా కాకుండా 5, 10 అడుగుల కర్రల్లా అమ్మేది కొనండి. చుట్టది నిటారుగా ఉండటానికి మొరాయిస్తుంది. కొన్న పైపుని బండి పైన ఎండలో కట్టేసి తిరగకండి, నెలల తరబడి ఎండ తగిలితే పెక్స్ పాడవుతుంది.

సంచిలో ఇవి ఉంటే చాలు:

- అర అంగుళం పుష్-ఫిట్ కప్లింగులు రెండు, స్లిప్ కప్లింగ్ ఒకటి, ఎల్బో ఒకటి
- పుష్-ఫిట్ ఎండ్ క్యాపులు రెండు
- పుష్-ఫిట్ ఊడదీసే క్లిప్పు
- పెక్స్ ముక్కలు, కట్టర్, మార్కర్
- క్లాంప్ రింగులు, వాటి పనిముట్టు, రెండు మూడు ఎల్బోలు
- కోన్ వాషర్లు, హోస్ వాషర్లు, తెల్ల టేపు
- తలకి కట్టుకునే టార్చ్

వీటిలో ఎండ్ క్యాపుని తక్కువగా చూడకండి. షవర్ లైను చేయి పట్టని చోట కారుతోందనుకోండి. దానికి వెళ్ళే కొమ్మని పంపు దగ్గర్లో, అందే చోట కోసి క్యాపు నెట్టేస్తే సింకు, టాయిలెట్ మామూలుగా పనిచేస్తాయి. ట్రిప్ ఆగదు, గోడ విప్పే పని ఇంటికొచ్చాక తీరిగ్గా చేసుకోవచ్చు. తాగే నీళ్ళ లైనులో వేసే ఏ ఫిట్టింగ్ మీదైనా ఎన్‌ఎస్‌ఎఫ్ 61 (తాగునీటి సామాన్ల భద్రతా ప్రమాణం) గుర్తు ఉందో లేదో చూసి కొనండి.

పరీక్ష

డ్రెయిన్ మూతలు పెట్టి, ట్యాంకులో కొద్దిగా నీళ్ళు పోసి పంపు వేయండి. ఒక్కో కొళాయి తెరిచి గాలి పోనివ్వండి, ముందు చల్లటిది, తర్వాత వేడిది. హీటర్ ట్యాంకు నిండి, వేడినీళ్ళ కొళాయిలో గాలి లేకుండా ధార వచ్చేదాకా హీటర్ వేయొద్దు. అన్నీ కట్టేశాక పంపు ఆగిపోవాలి. అరగంట పాటు ఎవరూ కొళాయి ముట్టకుండా వినండి. మధ్యలో పంపు తనంతట తానే గుర్రుమంటే ఎక్కడో ప్రెషర్ పోతోంది. బయట తడి కనిపించకపోతే పంపు లోపలి చెక్ వాల్వ్ నుంచి నీళ్ళు తిరిగి ట్యాంకులోకి పోతుండవచ్చు. అది మీ జాయింటు తప్పు కాదు.

పంపు మీద నిలిచింది కదా అని అక్కడితో ఆపొద్దు. క్యాంప్‌గ్రౌండ్ కొళాయి ప్రెషర్ కొన్నిచోట్ల 100 పీఎస్ఐ దాటుతుంది. హోస్‌కి ముందు, కొళాయి దగ్గరే గేజ్ ఉన్న ఇత్తడి రెగ్యులేటర్ పెట్టి, 45, 50 మధ్యకి సర్ది, ఆ ప్రెషర్ మీద కూడా ఇంకోసారి టిష్యూ చుట్టి చూడండి. లైన్లు విప్పారు కాబట్టి క్లోరిన్‌తో కడగడం మంచిది. 15 గ్యాలన్ల నీళ్ళకి పావు కప్పు వాసన లేని బ్లీచ్ కలిపి, అన్ని కొళాయిల్లోకి వచ్చేదాకా నడిపి, కొన్ని గంటలుంచి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో వదిలేయండి.

కొత్త జాయింటు పక్కన పైపుని గోడకి క్లిప్పు కొట్టండి. ఇళ్ళ ప్లంబింగ్ కోడ్‌లో పెక్స్‌కి 32 అంగుళాలకొక ఊతం అంటారు. ఊగే బండిలో ఇంకా దగ్గరగా కొట్టినా నష్టం లేదు. ఆ అల్మారాలో సామాను వెంటనే తిరిగి సర్దేయకండి. గంటసేపు హైవే మీద నడిపి వచ్చాక, పంపు వేసి, టార్చ్‌తో మరోసారి చూసి అప్పుడు పెట్టండి.